నిమ్మ మర్టిల్ మొక్కా? మన నిమ్మగడ్డా?

సుగంధ మొక్కల పట్ల ఆసక్తి పెరుగుతున్న నేటి పరిస్థితులలో ఆస్ట్రేలియా నిమ్మ మర్టిల్ (బ్యాక్‌హౌసియా సిట్రియోడోరా) పేరు రైతుల వరకు చేరుతున్నది. వేములవాడ, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు ఈ పంటను సిఫారసు చేయుటకు ముందు కొన్ని అంశాలను పరిశీలించుట అవసరం.

ఈ మొక్క గుణాలు కాదనలేనివి. ఆకు నూనెలో సిట్రాల్ 90 శాతానికి మించి ఉంటుంది. నిమ్మ వాసన ఉన్నా పులుపు లేనందున పాలు విరగవు. అందుకే టీలో, పాల వంటకాలలో దీనిని వాడుతారు. ఎక్కువసేపు మరిగిస్తే పరిమళం పోతుంది గనుక చివరలోనే వేయాలి.

అయితే దీని జన్మస్థలం క్వీన్స్‌లాండ్‌లోని తేమ గల వర్షారణ్యాలు. వేసవిలో 45 డిగ్రీలకు చేరే ఎండ, వడగాలులు, నాలుగు నెలలకే పరిమితమైన వర్షాలు గల ఉత్తర తెలంగాణలో ఆరుబయట ఇది నిలదొక్కుకొనుట సందేహాస్పదం.

అంతకంటె గంభీరమైనది తెగులు సమస్య. ఇది జామ, నేరేడు, జామాయిల్ చెట్ల కుటుంబానికి చెందినది. 2010లో ఆస్ట్రేలియాలో గుర్తించిన మర్టిల్ కుంకుమ తెగులు ఈ కుటుంబమంతటికీ ముప్పు. కావున క్వారంటైన్ లేకుండా సామానులో దాచి తెచ్చే ఒక్క కొమ్మ వలన మన తోటలకు కలిగే నష్టం ఆ మొక్క ఇచ్చే లాభానికి ఎన్నో రెట్లు కావచ్చు.

సిట్రాలే లక్ష్యమైతే నిమ్మగడ్డి మనకు అందుబాటులోనే ఉన్నది. దాని నూనెలో సిట్రాల్ సుమారు 70 నుంచి 80 శాతం. సీమ్యాప్ సంస్థ రూపొందించిన కృష్ణ, ప్రగతి వంటి రకాలు లభ్యమవుతున్నాయి. నాటిన నాలుగైదు నెలలకు తొలి కోత, ఆపై ఏటా మూడు నాలుగు కోతలు వస్తాయి. లేత మామిడి తోటల సాళ్ల మధ్య, గట్ల మీద కూడా పెంచవచ్చు.

కాని నిమ్మగడ్డి విషయంలోనూ తొందర తగదు. నూనె తీసే యంత్రం దగ్గరలో లేకుంటే గడ్డి రవాణా ఖర్చే ఆదాయాన్ని మింగివేస్తుంది. కొనుగోలుదారు ఖరారు కాకుండా సఫేద్ ముస్లీ వేసి నష్టపోయిన రైతుల అనుభవం మరువరానిది.

కావున నిమ్మ మర్టిల్‌ను క్వారంటైన్ అనుమతితో తెచ్చి, పొలాస పరిశోధన స్థానం వంటి చోట షేడ్‌నెట్ క్రింద కుండీలలో కొన్నేండ్లు పరీక్షించాలి. జగిత్యాల, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలల విద్యార్థులకు ఇది చక్కని పరిశోధనాంశం. ఫలితాలు వచ్చేవరకు విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు చెప్పవలసినది నిమ్మగడ్డి గురించే. అదీ మార్కెట్ లెక్కతో సహా.