పట్టం లేని పరిచర్యకు విలువ ఇవ్వండి

వేదాంత విద్య పాస్టర్లకే అన్న అభిప్రాయం మన సంఘాల్లో పాతుకుపోయింది. కానీ ఒక పాస్టరేటు కింద పలు పల్లెలుంటాయి. పాస్టరు రాలేని ఆదివారం వాక్యం చెప్పేది, రోగి మంచం పక్కన కూర్చుని ప్రార్థించేది, సండే స్కూలు నడిపేది గురుపట్టం లేని విశ్వాసులే. వారిలో స్త్రీలు ఎందరో.

ఇలాంటివారి కోసమే, వేదాంత విద్యలో డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ క్రైస్తవ అధ్యయనాల్లో డిప్లొమా, డిగ్రీ కోర్సులు నడుపుతోంది. ఉపాధ్యాయులు, నర్సులు ఉద్యోగం మానకుండానే బైబిలు, సంఘ చరిత్ర, నీతిశాస్త్రం చదువుకోవచ్చు. ఈ చదువు యువజన పరిచర్యకు, హాస్టల్ నిర్వహణకు, సంఘ సేవా కార్యక్రమాలకు అక్కరకొస్తుంది. ఆసుపత్రి చాప్లిన్సీకి, కౌన్సెలింగ్‌కు మాత్రం విడిగా శిక్షణ పొందాలి. ఈ డిగ్రీ ఒక్కదానితో గురుపట్టం రాదని చేరేవారికి ముందే చెప్పాలి.

అసలు లోటు చదువులో లేదు, ఆదరణలో ఉంది. దేవుని సేవ కదా అని నామమాత్రపు భత్యంతో సరిపెట్టడం అన్యాయం. డయోసిస్‌లు ఈ సేవకులకు స్పష్టమైన హోదా, నెలనెలా జీతం, భవిష్యనిధి కల్పించాలి. బడ్జెట్‌లో భవనాల కన్నా ముందు మనుషులకు చోటివ్వాలి.