చల్లని యంత్రం.. ‘గ్యాస్‌’ మంత్రం!

మొరాయిస్తున్న ఏసీలు.. ఏటా తప్పని మరమ్మతుల భారం
లోపం ఒకటి.. వైద్యం మరొకటి
అవగాహనే వినియోగదారుడికి రక్ష

పిడుగురాళ్ల: వేసవిలో ఉష్ణోగ్రతల జాబితా వెలువడినప్పుడల్లా రెంటచింతల పేరు ముందువరుసలో కనిపించడం పల్నాడు వాసులకు కొత్త కాదు. నాపరాతి నేలలు, సున్నపురాతి గనులు, బట్టీలు, సిమెంటు కర్మాగారాల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో ఏప్రిల్‌, మే నెలలు గట్టెక్కడం గండమే. ఒకప్పుడు ఆసుపత్రులకు, బ్యాంకులకు, సంపన్నుల ఇళ్లకు పరిమితమైన ఏసీలు ఇప్పుడు ఉపాధ్యాయులు, చిరు వ్యాపారులు, మిరప రైతుల ఇళ్లకూ చేరాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో కొనుగోలు భారం కొంత తేలికయింది. కొనడం సులువైంది గానీ, కొన్నదానిని సవ్యంగా నడుపుకోవడమే సామాన్యుడికి పరీక్షగా మారింది.

వృద్ధులు, పసిపిల్లలు, గుండె జబ్బులున్నవారు ఉన్న ఇళ్లలో ఏసీ నేడు విలాస వస్తువు కాదు. రాత్రివేళ సైతం వేడి తగ్గని రోజుల్లో యంత్రం ఆగితే ఆ ఇంటి ఆందోళన అంతా ఇంతా కాదు. ఆ తొందరలోనే మరమ్మతుదారుడు ఏమి చెబితే అదే వేదమవుతోంది. చల్లదనం తగ్గిందనగానే ‘గ్యాస్‌ అయిపోయింది’ అన్న తీర్పు వెలువడటం, అరగంటలో గ్యాస్‌ ఎక్కించి వేలల్లో సొమ్ము వసూలు చేయడం పరిపాటిగా మారింది. మరుసటి వేసవికి అదే ఇల్లు, అదే యంత్రం, అదే తీర్పు.

గ్యాస్‌ ఎందుకు తగ్గుతుంది?

ఏసీలోని గ్యాస్‌ వాహనంలోని పెట్రోలు వంటిది కాదు. వాడేకొద్దీ అది ఖర్చు కాదు. గది లోపలి కాయిల్‌లో వేడిని గ్రహించి, బయటి కాయిల్‌లో దానిని విడిచిపెడుతూ మూసి ఉన్న గొట్టాలలోనే తిరుగుతుంటుంది. కర్మాగారంలో తూకం వేసి నింపిన గ్యాస్‌ యంత్రం జీవితకాలమంతా సరిపోవాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. గొట్టాలను కలిపే నట్ల వద్ద బిగింపు చాలకపోవడం, కాయిల్‌ తుప్పు పట్టి సూదిమొన అంత రంధ్రాలు పడటం ఇందుకు ముఖ్య కారణాలు. అతుకుల వద్ద జిడ్డుగా నూనె మరక కనిపిస్తే అక్కడ కారుతోందని అనుమానించవచ్చు.

కారే చోటు కనిపెట్టకుండా గ్యాస్‌ ఎక్కించడం చిల్లుకుండలో నీరు పోయడమే. సరైన పద్ధతిలో ముందుగా నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపి, సబ్బునీటితో కారే చోటును గుర్తించాలి. దానిని పూడ్చాక వాక్యూమ్‌ పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను పూర్తిగా తొలగించాలి. ఆ తర్వాత యంత్రంపై ఉన్న చీటీలో ముద్రించిన పరిమాణం మేరకు తూకం వేసి గ్యాస్‌ నింపాలి. ఈ పనికి సమయం పడుతుంది, పరికరాలు కావాలి. అవి లేనివారు అడ్డదారి పడుతున్నారు. నైట్రోజన్‌కు బదులు ఆక్సిజన్‌తో ఒత్తిడి పరీక్ష చేయడం మరీ ప్రమాదకరం. కంప్రెసర్‌లోని నూనెతో అది కలిస్తే పేలుడు సంభవించే ముప్పు ఉంది.

దుమ్మే తొలి శత్రువు

గ్యాస్‌ మాట ఎత్తకముందు చూడవలసింది దుమ్ము సంగతి. సున్నపు బట్టీలకు పేరొందిన పిడుగురాళ్లలోను, సిమెంటు కర్మాగారాలున్న దాచేపల్లి పరిసరాలలోను గాలిలో తెల్లని ధూళి నిరంతరం ఉంటుంది. అది లోపలి యూనిట్‌ జాలీని, బయటి యూనిట్‌ కాయిల్‌ను క్రమంగా మూసివేస్తుంది. గాలి ఆడకపోతే గ్యాస్‌ నిండుగా ఉన్నా చల్లదనం రాదు. కంప్రెసర్‌పై ఒత్తిడి పెరుగుతుంది. విద్యుత్తు బిల్లు కూడా పెరుగుతుంది.

ఏసీ సామర్థ్యాన్ని బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు ఉన్నప్పుడు పరీక్షించి నిర్ధారిస్తారు. బయట 44, 45 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు అదే యంత్రం అంత చల్లదనం ఇవ్వలేదు. దానికి ధూళి తోడైతే సామర్థ్యం మరింత పడిపోతుంది. యంత్రం చెడిపోలేదు, ఊపిరాడక ఉంది అన్నమాట. ధూళి ఎక్కువగా ఉండే చోట రెండు వారాలకొకసారి జాలీ కడగడం, వేసవికి ముందు బయటి కాయిల్‌ను విద్యుత్తు ఆపి, తక్కువ ఒత్తిడి గల నీటితో శుభ్రం చేయించడం మేలు. బయటి యూనిట్‌ను మూలకు నెట్టి, చుట్టూ సామాను పేర్చడం, గాలి వెళ్లకుండా రేకులు కప్పడం చేయరాదు.

లక్షణాన్ని బట్టి లోపం

మరమ్మతుదారుని పిలిచేముందు గృహస్థు తనకు తానే కొంత పరిశీలన చేసుకోవచ్చు.

* గాలి వస్తోంది, చల్లగా లేదు: రిమోట్‌లో ‘కూల్‌’ గుర్తు ఉందో లేదో చూడాలి. పొరపాటున ‘ఫ్యాన్‌’కు మారి ఉండవచ్చు. తర్వాత జాలీ, బయటి యూనిట్‌ పరిశీలించాలి. ఆగిన ఏసీని తిరిగి వేసినప్పుడు కంప్రెసర్‌ సుమారు 3 నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంది. అది రక్షణ ఏర్పాటే, లోపం కాదు.

* బయటి ఫ్యాన్‌ తిరుగుతోంది, కంప్రెసర్‌ మూలిగి ఆగిపోతోంది: సాధారణ ఏసీలో ఇది తరచుగా కెపాసిటర్‌ లోపం, లేదా ఓల్టేజీ చాలకపోవడం. కెపాసిటర్‌ ధర స్వల్పం. దీనిని కంప్రెసర్‌ పాడైనట్లు చూపితే వెంటనే నమ్మరాదు. కెపాసిటర్‌లో విద్యుత్తు నిల్వ ఉంటుంది గనుక ఇంటివారు దానిని తాకరాదు.

* లోపలి కాయిల్‌పై మంచు పేరుకుంటోంది: గ్యాస్‌ తగ్గినా, జాలీ మూసుకుపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ముందు జాలీ కడిగి, మంచు కరిగేదాకా ఫ్యాన్‌ మాత్రమే నడిపి చూడాలి. అప్పటికీ మంచు కట్టితేనే గ్యాస్‌ను అనుమానించాలి.

* గదిలోకి నీరు కారుతోంది: నీరు పోయే గొట్టంలో నాచు, దుమ్ము అడ్డుపడి ఉండవచ్చు. లోపలి యూనిట్‌ వాలు తప్పినా, గొట్టం మధ్యలో పైకి లేచినా నీరు వెనక్కి వస్తుంది. గ్యాస్‌ తగ్గి కాయిల్‌పై కట్టిన మంచు కరిగినా నీరు కారుతుంది. మంచు లేనప్పుడు మాత్రం దీనికి గ్యాస్‌తో పని లేదు.

* ఎంసీబీ పదేపదే పడిపోతోంది: పైకి నొక్కుతూ పోవడం ప్రమాదం. తీగ మందం చాలకపోవడం, ప్లగ్గు వదులై కాలడం, మోటారు షార్టు కావడం వంటివి కారణాలు. విద్యుత్‌ పనివారి చేత పరీక్ష చేయించాలి.

* తెరపై అంకెలు, అక్షరాలు మెరుస్తున్నాయి: ఇన్వర్టర్‌ ఏసీ తన లోపాన్ని తానే సంకేతంగా చెబుతుంది. ఆ సంకేతాన్ని రాసుకుని, యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో అర్థం చూడాలి. బల్లులు, చీమలు బోర్డుపైకి చేరి షార్టు కావడం గ్రామాల్లో సాధారణమే.

ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. యంత్రం పూర్తి వేగంతో పావుగంట నడిచాక, లోనికి పోయే గాలికి, బయటికి వచ్చే గాలికి మధ్య సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే అది సక్రమంగానే పనిచేస్తోందని భావించవచ్చు. అప్పటికీ గది చల్లబడకపోతే లోపం గదిలోనే ఉంది. ఎండకు కాగే శ్లాబు, పడమటి గోడ, తలుపు సందులు, గదికి చాలని టన్నుల యంత్రం.. వీటిలో ఏ ఒక్కటీ గ్యాస్‌తో తీరేది కాదు.

ఓల్టేజీ గండం

గ్రామాలలో ఏసీలను దెబ్బతీస్తున్న మరో కారణం ఓల్టేజీ హెచ్చుతగ్గులు. 230 ఓల్టులు ఉండవలసిన సరఫరా రాత్రివేళ అందరూ ఏసీలు వేసే సమయానికి పడిపోతే కంప్రెసర్‌ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు ఒకటిన్నర కిలోవాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. ఏసీ బిగించినా ఒప్పంద లోడును పెంచుకోని ఇళ్లు అనేకం. లెక్కల్లో లేని ఈ భారాన్ని మోయలేక ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతే వీధి అంతా చీకటిలో మగ్గాలి. అదనపు లోడును క్రమబద్ధీకరించుకోవడం గృహస్థుని బాధ్యత కాగా, ఆ మేరకు ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం పెంచడం పంపిణీ సంస్థ బాధ్యత. ఓల్టేజీ సమస్యపై 1912 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఏసీ తట్టుకోగల ఓల్టేజీ హద్దును పుస్తకంలో చూసి, సరఫరా అంతకన్నా కిందికి పడే ఊళ్లలో స్టెబిలైజర్‌ బిగించుకోవడం అవసరం.

గ్యాస్‌ మారింది.. పనివాడు మారాలి

ఓజోన్‌ పొరకు హాని చేసే ఆర్‌-22 గ్యాస్‌తో కొత్త యంత్రాల తయారీకి 2024 డిసెంబరు 31తో మన దేశంలో తెరపడింది. ఇప్పుడు ఇళ్లకు వస్తున్న ఏసీలలో ఎక్కువగా ఆర్‌-32, కొన్నింటిలో ఆర్‌-290 ఉంటున్నాయి. ఆర్‌-32 స్వల్పంగా మండే గుణం కలది. ఆర్‌-290 అంటే ప్రొపేన్‌, వంటగ్యాస్‌ కోవలోనిదే. మూసి ఉన్న గదిలో అది కారుతుండగా అగ్గిపుల్ల గీసినా, గ్యాస్‌ ఉన్న గొట్టానికి మంట పెట్టినా అనర్థం తప్పదు. ఒక గ్యాస్‌ యంత్రంలో మరొకటి నింపడం, రెండింటిని కలపడం కూడదు. ఏ గ్యాస్‌ వాడాలో యంత్రంపై చీటీలో రాసి ఉంటుంది.

ఇంత మార్పు వచ్చినా శిక్షణ ఆ వేగంతో రాలేదు. 2019 మార్చిలో కేంద్రం ప్రకటించిన ‘భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక’ 2022-23 నాటికి లక్ష మంది మరమ్మతుదారులకు శిక్షణ, ధ్రువీకరణ లక్ష్యంగా పెట్టుకుంది. ఐటీఐలలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్‌, ఏసీ టెక్నీషియన్‌ కోర్సు ఉంది. అయినా పల్లెల్లో నిచ్చెన ఎక్కి, గోడకు వేలాడుతూ పనిచేసే కుర్రవాళ్లలో పలువురు మరొకరి వద్ద చూసి నేర్చుకున్నవారే. వారిని నిందించి ప్రయోజనం లేదు. వేసవి మూడు నెలల సంపాదనపై ఏడాదంతా బతకవలసిన వారికి వాక్యూమ్‌ పంపు, తూకం యంత్రం, నైట్రోజన్‌ సిలిండరు కొనడం భారమే. మండల కేంద్రాలలో స్వల్పకాలిక శిక్షణ, పరికరాలకు బ్యాంకు రుణం కల్పిస్తే వారి ప్రాణానికి, వినియోగదారుని సొమ్ముకు రెండింటికీ భద్రత కలుగుతుంది.

అడగడం హక్కు

మరమ్మతుకు వచ్చినవారిని నాలుగు ప్రశ్నలు అడగాలి. గ్యాస్‌ ఎక్కడ కారుతోంది? వాక్యూమ్‌ చేస్తారా? ఎన్ని గ్రాములు నింపుతున్నారు? ఈ పనికి ఎన్ని నెలల పూచీ ఇస్తారు? సమాధానం దాటవేస్తే పని ఆపించడమే మంచిది. మార్చిన పాత భాగాన్ని తిరిగి తీసుకోవాలి. చేసిన పని వివరాలతో బిల్లు పొందాలి. బిల్లు లేనిదే ఏ హక్కూ నిలబడదు. అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు అయితే ఫీజు కూడా ఉండదు.

ఎండలు ముదిరాక పరుగులు తీయడం కన్నా ఫిబ్రవరిలోనే యంత్రాన్ని పరీక్ష చేయించుకోవడం తెలివైన పని. అప్పుడు పనివారికీ తీరిక ఉంటుంది, ధరలోనూ బేరానికి వీలుంటుంది. 2020 జనవరి నుంచి స్టార్‌ గుర్తు గల ఏసీలన్నీ 24 డిగ్రీల వద్దే మొదలయ్యేలా కేంద్రం నిబంధన విధించింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. 24, 26 డిగ్రీల మధ్య ఉంచి, పైన ఫ్యాన్‌ తిప్పుకుంటే యంత్రానికీ అలసట తగ్గుతుంది. ఇక శ్లాబుపై తెల్లసున్నం పూత వేస్తే లోపలికి దిగే వేడి తగ్గుతుంది. జాలీలను మూసేస్తున్న సున్నమే డాబాపైకి చేరితే ఏసీకి అండ అవుతుంది. పల్నాడులో దానికి కొరత లేదు.