పొరుగింటి నిప్పు

అగ్గిపుల్లను కూడా లెక్క చూసుకుని గీసే రోజుల్లో, పొద్దున్నే పొయ్యి రాజెయ్యాలంటే పిల్లాడి చేతికో పిడక ఇచ్చి పక్కింటికి పంపేవారు. ఏ ఇంటి కప్పు మీంచి ముందు పొగ లేస్తే ఆ ఇంటికి. ఆ ఇంటావిడ తన పొయ్యిలోంచి ఓ నిప్పుకణిక తీసి పిడక మీద పెట్టేది. అది ఆరిపోకుండా, చెయ్యి కాలకుండా, ఊదుకుంటూ వాడు ఇంటికి పరిగెత్తేవాడు. ముందురోజు సాయంత్రమే ఆ రెండిళ్ల ఆడవాళ్లూ గోడ మీంచి దుమ్మెత్తిపోసుకుని ఉండొచ్చు. అయినా నిప్పు లేదని ఎవరూ అనేవారు కాదు. ఇస్తే తరిగేది కాదు కదా!

ఈమధ్య ప్యాంగ్యాంగ్ ఫొటోలు కొన్ని చూస్తుంటే ఎందుకో ఆ పిడక గుర్తొచ్చింది. ఉత్తర కొరియా రాజధాని అది. బారులు తీరిన మేడలు. మన బాల్కనీల్లో తులసి కుండీ, ఆరేసిన చీర కనిపించే చోట అక్కడ చిన్న సోలార్ పలక, ఎండకేసి వంచి కట్టి ఉంటుంది. ఎక్కువగా చైనా సరుకే. సర్కారు కరెంటు ఉన్నా లేకపోయినా, రాత్రికి ఓ బల్బు, ఓ ఫోను దాంతో గడుస్తాయి.

అంతరిక్షం నుంచి రాత్రిపూట తీసిన కొరియా చిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. దక్షిణాన దీపావళి. పైన చైనా వైపూ వెలుగే. నడుమ ఉత్తర కొరియా ఉండాల్సిన చోట సముద్రమేమో అనిపించేంత నలుపు, అందులో ప్యాంగ్యాంగ్ ఒక్కటే చుక్కలా.

ఒకప్పుడు కథ తిరగబడి ఉండేది. కొరియా జపాన్ పాలనలో ఉన్నప్పుడు పెద్ద ఫ్యాక్టరీలు, ఆనకట్టలు ఎక్కువగా ఉత్తరానే వెలిశాయి. యాలు నది మీద సుపుంగ్ ఆనకట్ట అప్పటిదే. 1945లో దేశం రెండు ముక్కలయ్యాక కూడా దక్షిణాది ఇళ్లలో దీపాలు చాలావరకు ఉత్తరాది కరెంటుతోనే వెలిగేవి. 1948 మే 14న ఉత్తరం ఆ తీగ కట్టేసింది. దక్షిణం చీకట్లో పడింది. అమెరికా వాళ్ల జనరేటరు ఓడలు రేవులో లంగరేసి కరెంటు ఇవ్వాల్సి వచ్చింది.

ఉత్తరానికి అలాంటి చీకటి రోజు ఆలస్యంగా వచ్చింది. సోవియట్ యూనియన్ స్నేహధరకు చమురు పంపినంత కాలం బండి నడిచింది. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. ఆ తర్వాత చమురు కావాలంటే డాలర్లు చూపించాలి. ఉన్నట్టుండి కొట్టు ముందు ‘అప్పు రేపు’ బోర్డు వేలాడదీసినట్టయింది. నేల కింద బొగ్గు బోలెడుంది. కానీ గనిలో నీళ్లు తోడాలంటే కరెంటు కావాలి. ఆ బొగ్గును మోసే రైళ్లు కూడా చాలావరకు కరెంటువే. కరెంటు రావాలంటేనేమో బొగ్గు కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు!

అయినా మనుషులు ఊరుకోరు. లారీ వెనకాల కుంపటిలాంటిది బిగించి, కట్టెలు, మొక్కజొన్న బెండ్లు మండించి, ఆ పొగలోని వాయువుతో ఇంజను నడుపుతారు. అలాంటి లారీలు అక్కడి పల్లె దారుల మీద పొగ కక్కుతూ కనిపిస్తుంటాయి.

చీకటిని కూడా వాడుకున్నవాళ్లు ఉన్నారు. బార్బరా డెమిక్ అనే అమెరికన్ పాత్రికేయురాలు ఆ దేశం విడిచి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి 2009లో ‘నథింగ్ టు ఎన్వీ’ అనే పుస్తకం రాశారు. అందులో ఓ ప్రేమజంట ఉంది. ఊరంతా కరెంటు పోయాక, ఎవరి కంటా పడకుండా ఆ ఇద్దరూ మైళ్లకొద్దీ నడిచేవారు. చెయ్యి పట్టుకోవడానికే మూడేళ్లు పట్టిందట. వీధిదీపాలు వెలుగుతుంటే ఆ మాత్రం కూడా సాగేది కాదేమో.

పెద్దవాళ్ల బేరాలు మరోలా నడిచాయి. 1994లో జెనీవాలో ఓ ఒప్పందం కుదిరింది. ఉత్తర కొరియా తన అణు కార్యక్రమం ఆపితే రెండు విద్యుత్ రియాక్టర్లు కట్టిస్తాం, అవి పూర్తయ్యేదాకా ఏటా 5 లక్షల టన్నుల ఇంధన నూనె పంపుతామని అమెరికా మాటిచ్చింది. 2002 చివర్లో నూనె ఆగింది. 2006లో రియాక్టర్ల పని మధ్యలోనే వదిలేశారు. తప్పెవరిదని అడిగితే చెరో పక్కా చెరో కథ చెబుతారు. గోడ మీది తగాదాల్లో ఎప్పుడూ అంతే.

ఆ అణు తగాదా ముదిరి, 2017 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఉత్తర కొరియాకు వెళ్లే శుద్ధి చేసిన చమురును ఏడాదికి 5 లక్షల పీపాలకు కుదించింది. దాదాపు 2.6 కోట్ల జనానికి పంచి చూస్తే తలకు మూడు లీటర్లు. మన స్కూటీ ట్యాంకు కూడా నిండదు, అదీ ఏడాది మొత్తానికి. ఇది కాగితం మీది లెక్క. నడి సముద్రంలో ఓడ నుంచి ఓడకు దొంగచాటుగా చేరేది వేరే.

ఈ కథంతటిలో మనసులో నిలిచిపోయేది మాత్రం కేసాంగ్ తీగ. సరిహద్దు దాటగానే ఉత్తరం వైపు ఉండే ఆ ఊళ్లో రెండు కొరియాలూ కలిసి ఫ్యాక్టరీలు నడిపినన్నాళ్లూ కరెంటు దక్షిణం నుంచే వచ్చేది. దాంతోనే నడిచే నీటిశుద్ధి కేంద్రం నుంచి ఊరి జనానికి కూడా మంచినీళ్లు అందేవి. 2016 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కరెంటుతో పాటు నీళ్లూ ఆగాయి. 2018లో మాటలు కలిసి, అక్కడ తెరిచిన ఉమ్మడి కార్యాలయం కోసం మళ్లీ కాస్త కరెంటు పారింది. 2020 జూన్‌లో ఆ కార్యాలయాన్నే ఉత్తరం పేల్చేసింది.

కరెంటు లేని తీగలు మాత్రం ఇంకో నాలుగేళ్లు రెండు దేశాల నడుమ వేలాడుతూనే ఉన్నాయి. 2024 నవంబరులో ఉత్తర కొరియా సైనికులు టవర్లెక్కి వాటినీ కత్తిరించేశారు.