నేల అడిగిన ప్రశ్న

హైదరాబాదు నుండి కరీంనగరం పోయే రహదారికి చేరువలో, శామీర్‌పేట మండలంలో, లాల్‌గడి మలక్‌పేట అనే గ్రామం వున్నది. దాని పొరుగున నేడు జీనోమ్ వ్యాలీ వెలసినది. టీకాలు తయారుచేసే కర్మాగారాలూ, పరిశోధనశాలలూ ఆ ప్రాంతానికి కొత్త రూపునిచ్చాయి. ఒకనాడు ఎకరాలలో లెక్కించిన నేలను ఇప్పుడు గజాలలో కొలిచి అమ్ముతున్నారు. కాని ఆ వూరి పేరులోని 'గడి' అన్న మాట చెవిని పడగానే తెలంగాణ పెద్దలకు మరొక కాలం జ్ఞప్తికి వస్తుంది. గడి అంటే దొర నివసించే కోట వంటి భవంతి. ఎత్తైన ప్రహరీ, పెద్ద దర్వాజా, దాని ముందు చెప్పులు చేతబట్టుకొని నిలిచిన రైతు: ఆ కాలపు చరిత్ర అంతా ఆ దృశ్యంలో ఇమిడి వున్నది.

ఆనాడు మేడ్చల్ తాలూకా 'అత్రాఫ్-ఎ-బల్దా' జిల్లాలోనిది. రాజధాని చుట్టూ వున్న ఆ జిల్లా 'సర్ఫెఖాస్', అనగా నిజాం ప్రభువు స్వంత ఆస్తి. అక్కడి శిస్తు రాజ్య ఖజానాకు గాక ప్రభువు సొంత ఖజానాకు చేరేది. సంస్థానంలోని భూమిలో సుమారు పదోవంతు ఇట్లా ప్రభువుది. దాదాపు మూడోవంతు జాగీర్దారులది. మిగిలిన దివానీ భూములలో సయితం దేశముఖులదే పెత్తనం. దున్నేవానికి దక్కినది చాకిరీ ఒక్కటే.

ఆ చాకిరీ పేరు వెట్టి. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, రైతు తన పొలం ఎండుతున్నా ముందు దొర పొలం దున్నాలి. కూలి అడుగరాదు. గింజలు అప్పు తెస్తే 'నాగు' కింద తీర్చే భారం ఏటేటా పెరిగేది. 1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకొన్న ఆంధ్ర మహాసభ మొదట భాషకోసం, గ్రంథాలయాలకోసం విజ్ఞప్తులు చేసినది. 1944లో భువనగిరి సభనాటికి ఆ వేదిక రావి నారాయణరెడ్డి వంటి వామపక్ష నాయకుల చేతికి వచ్చి, పల్లెలలో 'సంఘం'గా మారినది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు పండించిన పంటను విసునూరు దేశముఖు కాజేయబూనినపుడు, సంఘం మనుషులు దగ్గర నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో దేశముఖు మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలి అయ్యాడు. పోరాటం అక్కడినుండి దావానలమైనది.

సరిగా అదే సంవత్సరం డిసెంబరులో, వేల మైళ్ల దూరాన, హనోయి నగరంలో ఫ్రెంచి సేనలకూ వియత్‌మిన్ దళాలకూ యుద్ధం మొదలైనది. ఒకరి మాట ఒకరికి తెలియని రెండు దేశాలు. అయినా ఆ పల్లెల కథ ఎంత దగ్గరిది! మెకాంగ్ నదీప్రాంతపు వరిపొలాలు కొద్దిమంది భూస్వాముల చేతులలో వుండేవి. కౌలుదారు పంటలో సగం వరకు సమర్పించుకొనేవాడు. 1944-45లో ఉత్తర వియత్నాంలో కరువు వచ్చి, కొన్ని అంచనాల ప్రకారం 10 నుండి 20 లక్షల మంది ఆకలితో మరణించారు. ఆ శవాల నడుమ 1945 సెప్టెంబరు 2న హో చి మిన్ స్వాతంత్ర్యాన్ని ప్రకటించాడు. ఆ ప్రకటన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలతోనే ప్రారంభమైనదన్న విషయం ఆ తరువాతి చరిత్రను ఎంతగానో వెక్కిరిస్తుంది.

మరి ఈ రెండు యుద్ధాలనూ పుట్టించినది కమ్యూనిజమా? ప్రభుత్వాలు అట్లాగే అనుకొన్నాయి. కమ్యూనిస్టులు ఆ పోరాటాలను నడిపించిన మాట నిజం. కాని ఎండిన గడ్డి లేనిదే నిప్పురవ్వ ఏం చేయగలదు? ఆ గడ్డిని పోగుచేసినది కమ్యూనిస్టులు కాదు. వెట్టి, కౌలు, కరువు. రోగాన్ని విడిచి రోగి కేకను అణచబూనిన వైద్యం ఇక్కడా అక్కడా సాగినది.

అయితే ఒక పెద్ద భేదం వున్నది. తెలంగాణ పోరు అయిదేళ్లలో ముగిసినది. వియత్నాం పోరు ముప్పై ఏళ్లు సాగినది. ఇందుకు కారణాలు అనేకం. విదేశీ పాలన, అగ్రరాజ్యాల స్పర్ధ వియత్నాం పాలబడినట్లు తెలంగాణ పాలబడలేదు. 1948 సెప్టెంబరు 13 నుండి అయిదు రోజుల సైనికచర్యతో నిజాం పాలన అంతరించినది. ఆ పిమ్మట సైన్యం కమ్యూనిస్టు దళాలపైకి మరలినది. కాని తుపాకి ఒక్కటే ఆ పోరును ముగించలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సర్ఫెఖాస్ దివానీలో కలిసినది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చాడు. ఆ ఏడు అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించినది. 1952 ఎన్నికలలో అదే రావి నారాయణరెడ్డి నల్గొండనుండి నెహ్రూను మించిన ఓట్లతో లోక్‌సభకు వెళ్లాడు. నిన్నటివరకు అజ్ఞాతంలో వున్న మనిషికి చట్టసభ తలుపు తెరిచినది.

వియత్నాంలో ఆ తలుపే మూసుకొన్నది. 1954లో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచివారు ఓడిన పిదప జెనీవా ఒప్పందం దేశాన్ని 17వ అక్షాంశం దగ్గర తాత్కాలికంగా విభజించి, 1956లో ఎన్నికలు జరపాలన్నది. ఆ ఒప్పందం అమలును పర్యవేక్షించే అంతర్జాతీయ సంఘానికి భారతదేశమే అధ్యక్షత వహించినది. కాని కమ్యూనిస్టులు గెలుస్తారన్న భయంతో సైగాన్ ప్రభుత్వం ఎన్నికలకు నిరాకరించినది; అమెరికా దాన్ని బలపరచినది. దున్నేవానికే భూమి అన్న చట్టం దక్షిణ వియత్నాంలో వచ్చేసరికి 1970 అయినది. అప్పటికే అయిదు లక్షలకు పైబడిన అమెరికా సేన అక్కడ దిగి వున్నది. ఆలస్యంగా ఇచ్చిన న్యాయానికి చెల్లించిన వెల అది.

ఆ వెల ఎవరు చెల్లించారు? సుందరయ్య చెప్పిన లెక్క ప్రకారం తెలంగాణలో సుమారు 4,000 మంది పోరాటయోధులు చంపబడ్డారు, 10,000 మంది యేళ్ల తరబడి నిర్బంధంలో మగ్గారు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో రజాకార్లు ఒక్కనాడే ఎనభైమందికి పైగా కాల్చిచంపారు. గోదావరి అడవులలో కోయగూడేలను ఖాళీచేయించి, జనాన్ని శిబిరాలలోకి తరలించారు. దశాబ్దం తరువాత దక్షిణ వియత్నాంలో 'వ్యూహాత్మక గ్రామాల' పేరిట జరిగినదీ అదే. దళాలకు అన్నం అందకుండా చేయబోయి పల్లెనే పెకలించారు.

వియత్నాం ప్రభుత్వం 1995లో ప్రకటించిన అంచనాలో పౌరులే 20 లక్షల మంది, పోరాడినవారు 11 లక్షల మంది. అమెరికా సైనికులు 58,000కు పైగా. 1961 నుండి 1971 వరకు అడవులపైనా పంటలపైనా చల్లిన విషద్రవాలు 7 కోట్ల లీటర్లకు మించినవి. దనాంగ్ విమానాశ్రయపు నేలనుండి డయాక్సిన్ తొలగించడం 2018 వరకు సాగినది. పేలక మిగిలిన బాంబులు 1975 తరువాత సయితం వేలాది మందిని బలిగొన్నాయి. సంధిపత్రాలపై సంతకాలు చేసినవారిలో చాలామంది గతించారు. నాగలి చాలులో బాంబు మాత్రం బ్రతికివున్నది.

న్యాయమైన కోపం సయితం అన్యాయం చేయగలదని కూడా ఒప్పుకోవాలి. ఉత్తర వియత్నాం భూసంస్కరణలలో వేలాదిమంది, వారిలో అనేకులు అమాయకులు, మరణశిక్షకు గురికాగా, 1956లో ప్రభుత్వమే తప్పును ఒప్పుకొన్నది. 1975 తరువాత ఎందరో 'పునర్విద్యా' శిబిరాలలో మగ్గారు. లక్షలమంది పడవలెక్కి దేశం విడిచారు; వారిలో ఎందరో సముద్రం పాలయ్యారు. తెలంగాణలోనూ ద్రోహి అన్న అనుమానమే కొందరికి మృత్యువైనది. 1948 తరువాత ఆయుధాలు పట్టివుండడం తగునా అని రావి నారాయణరెడ్డి వంటివారే ప్రశ్నించారు. ఆ మూడేళ్ల మృతులు ఆ ప్రశ్నను నేటికీ నిలిపివుంచారు.

ఇక నేల మాట. 1950 చట్టం రక్షిత కౌలుదారుకు హక్కు ప్రసాదించినది. కాని కాగితంపై హక్కు వేరు, పొలంలో పాదం వేరు. ఎందరో కౌలుదార్లు హక్కు తేలకముందే తొలగించబడ్డారు. 38-ఇ పత్రాల తగాదాలు నగర పరిసరాల న్యాయస్థానాలలో వారి మనుమల కాలానికీ నడుస్తున్నాయి. నగరం పెరిగి భూమి బంగారమైనకొద్దీ ఆ పాత కాగితానికి విలువా, దానికి శత్రువులూ పెరుగుతున్నారు.

గడి గోడ కూలవచ్చు, జెండా రంగు మారవచ్చు. దున్నినవానికి దక్కినదేమిటన్న ప్రశ్న మాత్రం మారలేదు. ఆ ప్రశ్నకు సకాలంలో సగం సమాధానమైనా చెప్పిన దేశం అయిదేళ్ల రక్తపాతంతో బయటపడినది. చెప్ప నిరాకరించిన చోట ముప్పై ఏళ్లు రక్తం ప్రవహించినది. మిగిలిన సగం సమాధానం ఇంకా బాకీయే.