వార్డులో అంటిన జబ్బుకు లెక్క కావాలి
ఆసుపత్రి సిబ్బంది ఉద్యమ ప్రణాళిక

మేం ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లం. స్టాఫ్ నర్సులం, హౌస్ సర్జన్లం, ల్యాబ్ టెక్నీషియన్లం, వార్డు ఆయాలం. ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచులు మోసే పారిశుద్ధ్య కార్మికులం, 108 వాహనంలో రోగి పక్కన కూర్చునేవాళ్లం, ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలం. రోగి దగ్గితే ఆ తుంపర ముందు మా మీదే పడుతుంది. రోగి రక్తం ముందు మా వేళ్లకే అంటుతుంది. ఈ పనిలో ప్రమాదం ఉందని తెలిసే వచ్చాం. అయితే మాకు అంటిన జబ్బు ఏ రిజిస్టరులోకీ ఎక్కకుండా, ఎందుకు అంటిందని ఎవరూ అడగకుండా మాసిపోవడాన్ని ఒప్పుకోం. మాకు సోకే ప్రతి ఇన్‌ఫెక్షనూ లెక్కలోకి రావాలి. దాని కారణం పరిశోధనలో తేలాలి. తేలినదాన్ని బట్టి వార్డు మారాలి. అందుకే ఈ ఉద్యమం.

చరిత్ర చెబుతున్నది

సిబ్బంది జబ్బును పట్టించుకుంటే రోగులు బతుకుతారని 1847లోనే వియన్నాలో రుజువైంది. శవపరీక్ష చేస్తుండగా విద్యార్థి చేతి కత్తి తగిలి కొలెచ్కా అనే వైద్యాచార్యుడి వేలు తెగింది. కొద్ది రోజుల్లోనే ఆయన చనిపోయాడు. ఆయన శవపరీక్ష నివేదిక చదివిన ప్రసూతి వైద్యుడు సెమ్మెల్‌వైస్, బాలింత జ్వరంతో పోయిన తల్లుల శరీరాల్లో కనిపించే గుర్తులే అందులోనూ ఉన్నాయని గమనించాడు. శవాల గది నుంచి ప్రసవాల గదికి మృత్యువును మోసుకొస్తున్నవి వైద్యుల చేతులేనని గ్రహించి, క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది తల్లులను బలిగొన్న వార్డులో జూలై నాటికి మరణాలు నూటికి రెండుకు లోపే ఆగాయి. సహోద్యోగి చావును ఖర్మ అని వదిలేసి ఉంటే ఆ తల్లులు దక్కేవారు కాదు.

2001లో సిలిగురిలో అంతుచిక్కని జ్వరం వచ్చింది. నమోదైన 66 మందిలో ముప్పావు వంతు ఆసుపత్రి సిబ్బంది, లేదా రోగులను చూడవచ్చినవాళ్లు. అది నిపా వైరస్ అని కొన్నేళ్ల తర్వాతే తేలింది. 2018లో కోజికోడ్ జిల్లాలో అదే నిపా రోగికి సేవ చేసిన నర్సు లినీ ప్రాణాలు కోల్పోయింది. 2003లో సార్స్ సోకిన సుమారు ఎనిమిది వేల మందిలో అయిదో వంతు ఆరోగ్య సిబ్బందే. ఆ ముప్పును హనోయ్‌లో మొదట గుర్తించి ప్రపంచాన్ని హెచ్చరించిన డాక్టర్ కార్లో అర్బానీని కూడా ఆ జబ్బే తీసుకుపోయింది. కొత్త అంటువ్యాధి ఊరి మీద పడేముందు వార్డులో మమ్మల్ని తాకుతుంది. మా జ్వరాలను వెంటనే గమనించే ఏర్పాటు ఉంటే ఊరికి ముందే తెలుస్తుంది.

మన దేశంలో ఉన్న స్థితి

సేవాగ్రామ్ వైద్య కళాశాలలో 726 మంది సిబ్బందిని పరీక్షించిన అధ్యయనం 2005లో వెలువడింది. రెండు రకాల పరీక్షల్లో కనీసం ఒకదాని ప్రకారం సగం మంది ఒంట్లో అప్పటికే టీబీ క్రిమి చేరి ఉంది. పరీక్షించినవాళ్లలో సుమారు సగం మంది ఇరవై రెండేళ్లు దాటనివాళ్లు; చదువుకుంటూ వార్డుల్లో తిరిగేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పనిలో గడిపిన ఏళ్లు పెరిగినకొద్దీ ముప్పూ పెరిగింది.

కోవిడ్ కాలంలో ఎంతమంది సిబ్బంది చనిపోయారని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, కేంద్రం దగ్గర ఆ లెక్క లేదని జవాబు వచ్చింది. వెంటనే భారత వైద్య సంఘం 382 మంది డాక్టర్ల పేర్లతో జాబితా బయటపెట్టింది. మరి నర్సులు, ఆయాలు, స్వీపర్లు ఎంతమంది? 2021 మే నాటికి ప్రపంచమంతా కలిపి 80 వేల నుంచి 1,80,000 మంది సిబ్బంది పోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ రెండు అంకెల మధ్య ఉన్న లక్ష మంది లెక్క రాయని ప్రభుత్వాలకు నిదర్శనం.

ఇక సూది సంగతి. టీకా వేయించుకోని మనిషికి హెపటైటిస్ బి రోగి సూది గుచ్చుకుంటే నూటికి 6 నుంచి 30 మందికి జబ్బు సోకవచ్చు. హెచ్ఐవీ అయితే వెయ్యికి ముగ్గురు. 72 గంటల లోపు మందు మొదలుపెడితే హెచ్ఐవీని ఆపే అవకాశం ఉంది. అయినా గుచ్చుకున్న సంగతి చెబితే "నీ అజాగ్రత్తే" అంటారన్న భయంతో ఎందరో చేయి కడుక్కుని డ్యూటీలోకి వెళ్లిపోతారు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలనూ ఏటా ఆరోగ్య పరీక్షనూ తప్పనిసరి చేశాయి. కానీ అదే నిబంధనల్లో పెద్ద ప్రమాదం అనే నిర్వచనం నుంచి సూది గాయాన్ని మినహాయించారు. ఏడాది నివేదికలో ఒక అంకెగా మిగిలే ఆ గాయం ఎవరికి, ఏ వేళ, ఏ పనిలో తగిలిందో వెతికే నాథుడు లేడు.

పరిశోధన ఎలా ఉండాలి

బ్రిటన్‌లో 2020లో వేలమంది ఆసుపత్రి సిబ్బంది రెండు వారాలకోసారి పరీక్ష చేయించుకుంటూ సైరెన్ అనే అధ్యయనంలో పాలుపంచుకున్నారు. ఒకసారి కోవిడ్ వచ్చినవాళ్లకు మళ్లీ సోకే ముప్పు 84 శాతం తక్కువని ఆ తొలి నెలల పరీక్షల నుంచే ప్రపంచానికి తెలిసింది. అలాంటి పని మన దగ్గరా జరగాలి. అందుకు మా నియమాలు ఇవి.

మా సమ్మతి స్వేచ్ఛగా ఉండాలి. పై అధికారి అడిగితే కింది ఉద్యోగి కాదనలేడు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు అలాంటి వారికి ప్రత్యేక రక్షణ కోరాయి. ఆ రక్షణ అమలు కావాలి. పరీక్ష ఫలితం ఉద్యోగానికి ఎసరు కాకూడదు. ఔట్‌సోర్సింగ్ కార్మికులను వదిలేసిన అధ్యయనాన్ని మేం గుర్తించం. ప్రశ్నలు రాసే కమిటీలో ఆయాకూ స్వీపరుకూ చోటుండాలి. తేలిన సంగతులు మొదట మాకే, తెలుగులో చెప్పాలి.

మా డిమాండ్లు

1. పెద్దాసుపత్రి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా, ప్రైవేటు నర్సింగ్ హోముల్లో సైతం, సిబ్బంది ఇన్‌ఫెక్షన్ల రిజిస్టరు ఉండాలి. పేర్లు లేకుండా ఆ లెక్కలను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలూ ఏటా ప్రచురించాలి.

2. సూది గాయం చెప్పినవారిపై చర్య ఉండరాదు. రాత్రి డ్యూటీలోనూ హెచ్ఐవీ నివారణ మందు అందాలి. 2017 హెచ్ఐవీ చట్టం సిబ్బందికి ఇచ్చిన హక్కు ఇది.

3. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాక రక్షణ వచ్చిందో లేదో రక్తపరీక్షతో చూడాలి. కాంట్రాక్టు కార్మికులకూ ఇది ఉచితంగా జరగాలి.

4. ఎర్రగడ్డ, విశాఖ ఛాతీ ఆసుపత్రుల్లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో, బోధనాసుపత్రుల్లో సిబ్బందిని ఏళ్ల తరబడి గమనించే టీబీ అధ్యయనాలు ప్రభుత్వ నిధులతో మొదలవ్వాలి.

5. వార్డుల్లో గాలి మార్పిడిని కొలవాలి. ఎన్-95 మాస్కు ముఖానికి సరిగ్గా కూర్చుంటోందో ఒక్కొక్కరికీ పరీక్షించాలి.

6. ఆసుపత్రి పనిలో అంటుకునే జబ్బు వృత్తి వ్యాధేనని 1923 నాటి నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలు ఏనాడో ఒప్పుకుంది. ఇక్కడే అంటిందని రుజువు చేసే భారం రోగిష్టి ఉద్యోగి మీద వేయకూడదు.

మేం చేసే పని

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకు కూర్చోం. ప్రతి వార్డు నుంచి ఇద్దరిని ఎన్నుకుంటాం. ఒకరు నర్సులు, టెక్నీషియన్ల నుంచి, మరొకరు నాలుగో తరగతి ఉద్యోగులు, పారిశుద్ధ్య కార్మికుల నుంచి. సూది గాయాలు, జ్వరాలు, టీబీ కేసులను వాళ్లు సమ్మతితో, పేర్లు గోప్యంగా ఉంచి నమోదు చేస్తారు. ఏ షిఫ్టులో, ఏ పనిలో జరిగిందో రాస్తారు. వాడిన సూదికి మూత పెట్టేటప్పుడా, వాడిన సూదులు వేసే తెల్ల డబ్బా నిండి పొంగినప్పుడా, సంచి మోసేటప్పుడా? జవాబు తెలిస్తే దిద్దుబాటు ఆ వారమే మొదలవుతుంది. వైద్య, నర్సింగ్ కళాశాలల పరిశోధకులను మాతో కలిసి పనిచేయమని పిలుస్తున్నాం. రోగుల బంధువులనూ పిలుస్తున్నాం. మాకు జబ్బు సోకని వార్డులో మీవాళ్లకు కూడా ముప్పు తగ్గుతుంది.

ఈ ఉద్యమంలో చేరడానికి హోదా, జీతం, కాంట్రాక్టు ఏవీ అడ్డు కావు. ఆసుపత్రి గుమ్మంలో పనికి అడుగుపెట్టే ప్రతి మనిషీ మా మనిషే. మొదటి ఏడాది ముగిసేసరికి మేం కూర్చిన తొలి నివేదికను ప్రజల ముందు, రెండు ప్రభుత్వాల ముందు పెడతాం. అందులో స్వీపరుకు గుచ్చుకున్న సూదికీ సర్జనుకు గుచ్చుకున్న సూదికీ ఒకే వరుసలో చోటుంటుంది.