కేట్ షోపాన్ కథలో వైధవ్యం, స్వేచ్ఛ

అమెరికన్ రచయిత్రి కేట్ షోపాన్ 1894లో రాసిన ‘ఒక గంట కథ’ను క్రూరుడైన భర్త నుండి విముక్తి పొందగోరిన స్త్రీ గాథగా కొందరు వ్యాఖ్యానిస్తున్నారు. ఇది కథకు అన్యాయమని నా అభిప్రాయం.

బ్రెంట్లీ మాలర్డ్ దుష్టుడు కాడు. భార్యను ఆదరంగానే చూసినవాడు. ఆమెకు కూడ అతనిపై అప్పుడప్పుడు ప్రేమ కలిగినదే. రైలు ప్రమాదంలో అతడు మరణించాడని విని మొదట భోరున విలపించిన లూయీస్, గదిలో ఒంటరిగా కిటికీ ముందు కూర్చున్న పిమ్మట, రానున్న సంవత్సరాలన్నీ తనవేనని గ్రహిస్తుంది. దోషం వ్యక్తిదైతే మంచి భర్త దొరికినంతనే సమస్య తీరిపోవాలి. రచయిత్రి మనకా వెసులుబాటు ఇవ్వలేదు. దయతోనైనా సరే, ఒకరి ఇచ్ఛను మరొకరిపై మోపడాన్నే ఆమె ప్రశ్నించింది.

ఈ కథకు పదమూడేండ్ల పూర్వం, 1881లో, వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ సంస్కరణ చరిత్రను చదివిన మనకు వైధవ్యమంటే పునర్వివాహంతో తొలగవలసిన దుఃఖం. మన బాలవితంతువుల స్థితి వేరు, నిజమే, పోలిక అంతవరకే. లూయీస్ తలపులలో మాత్రం మరొక వివాహం ప్రసక్తే లేదు.

భర్త సజీవుడై ఇంట అడుగు పెట్టగా ఆమె మరణిస్తుంది. సంతోషాతిరేకమే ప్రాణం తీసిందని వైద్యులు నిర్ణయిస్తారు. అది వాచ్యార్థం. వ్యంగ్యార్థం ఎరిగినది సహృదయుడైన పాఠకుడొక్కడే. తలుపు వెలుపల మోకరిల్లి బతిమాలిన సోదరి జోసెఫిన్‌కు సైతం అది తెలియదు.