మన ఎదురుచూపుకు లెక్క ఎవరు కడతారు?

పుస్తకాల సంచి భుజాన వేసుకుని హాస్టల్ గేటు దాటితే మాకు మొదటి పరీక్ష రోడ్డు దాటటమే. మామిడికాయల సీజన్‌లో లారీలు, తాండవ వంతెన అవతల పాయకరావుపేట నుంచి వచ్చే ఆటోలు, బస్సులు. సందు దొరికేసరికి ఫస్టు బెల్లు అయిపోతుంది. "ట్రాఫిక్ సార్" అంటాం. ఎంతసేపు ఆగామంటే మాత్రం చెప్పలేం.

హైదరాబాద్ వంటి నగరాల్లో రద్దీని బట్టి టైము మార్చుకునే సిగ్నళ్లు వచ్చాయి. రోడ్డు కింద తీగచుట్టలో, పైన కెమెరాలో వాహనాలను గుర్తిస్తాయి. బారు పెరిగిన వైపు పచ్చలైటు పొడిగిస్తాయి. మంచిదే. కానీ ఆలస్యం తగ్గిందో లేదో తేల్చేదెలా?

టైము మారని సిగ్నల్‌కు లెక్క సులువు. 100 సెకన్లలో 60 ఎరుపు అయితే, ఎరుపులో వచ్చినవారు సగటున 30 సెకన్లు ఆగుతారు. పచ్చలో వచ్చినవారినీ కలిపితే సగటు 18 సెకన్లు. రద్దీ పెరిగితే ఇది చాలదు. అందుకే ఇంగ్లండులో వెబ్‌స్టర్ 1958లో ఇంకా వివరమైన సూత్రం ఇచ్చారు. ఎరుపు ప్రతిసారీ మారే సిగ్నల్ దగ్గర మాత్రం నిలబడి లెక్కపెట్టటమే నమ్మకమైన దారి.

ప్రతి 15 సెకన్లకు ఆగి ఉన్న వాహనాలను లెక్కించాలి. 5 నిమిషాల్లో 20 లెక్కల మొత్తం 120 వచ్చిందనుకుందాం. 120ని 15తో హెచ్చిస్తే 1,800. ఆ సమయంలో 90 వాహనాలు దాటితే సగటు ఆలస్యం సుమారు 20 సెకన్లు. చేతి గడియారం, కాగితం చాలు.

అయితే మా అభ్యంతరం ఒకటుంది. ఈ లెక్కలో వాహనాలే ఉన్నాయి, మనుషులు లేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 మార్గదర్శకాల్లో బస్సు 2.2 నుంచి 3.7 కార్లకు సమానం. అది రోడ్డుపై పట్టే చోటు లెక్క. 50 మంది ఉన్న బస్సు 40 సెకన్లు ఆగితే మనుషులు పోగొట్టుకున్నది 2,000 సెకన్లు. ఇద్దరేసి ఉన్న 10 కార్లు అంతేసేపు ఆగితే 800. ఇక నడిచి వెళ్లే మనం ఏ తీగచుట్టకూ కనిపించం.

కాబట్టి రేపు మన తుని కూడళ్లకు ఇలాంటి సిగ్నళ్లు పెట్టేవారు మనుషుల ఆలస్యం లెక్కించాలి, నడిచేవారికి తప్పనిసరి సమయం ఉంచాలి. తమ్ముళ్లూ, లెక్కల నోటు తీసుకుని ఒక ఉదయం కూడలిలో నిలబడదాం. ఇంజనీర్లయిన అన్నలూ, ఆ లెక్క సరిచూసి మున్సిపాలిటీకి చేర్చండి. కాగితం మీద అంకె ఉంటేనే మన మాటకు విలువ.